ఏడో నంబరు కేకు

మా ఉద్యోగంలో సగం పని ఎదుటివాళ్ళ మాట నమ్మాలా వద్దా అని తేల్చుకోవడమే. నేను చేరినప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. విజయవాడ దగ్గర ఒక యూనివర్సిటీలో ముప్పై ఏళ్ళకు పైగా కెమిస్ట్రీ చెప్పాను. చివరి నాలుగేళ్ళూ డిపార్ట్‌మెంటు హెడ్‌గా ఉండి, పోయినేడాది రిటైరయ్యాను. ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయో, ఏ కమిటీలో ఎన్నాళ్ళు కూర్చున్నానో రాస్తే చదివేవాళ్ళకు నిద్ర పట్టడం తప్ప ప్రయోజనం లేదు. లెక్చరర్లుగా కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ ఇంటికొచ్చి "ఏమన్నా చెప్పండి మేడమ్" అంటుంటారు. వాళ్ళకు మా డిపార్ట్‌మెంటులో జరిగిన కేకుల పోటీ గురించి చెప్తాను. మొదట నవ్వుతారు. ఆ పోటీలో నేను చేసిన తప్పు చెప్పాక టీ తాగడం మర్చిపోతారు.

పొడి బ్యూరెట్

ముందు ఒక పాత సంగతి చెప్పాలి. అది తెలియకపోతే ఆ తప్పు ఎక్కణ్ణుంచి వచ్చిందో అర్థం కాదు.

నేను చేరిన రెండో ఏడు. ఎమ్మెస్సీ వాళ్ళకు ప్రాక్టికల్స్. బ్యూరెట్ అంటే అడుగున కుళాయి ఉన్న సన్నటి గాజు గొట్టం. అందులోంచి ద్రావణం చుక్క చుక్కగా వదులుతూ కింద ఫ్లాస్కులో రంగు మారగానే ఆపి, ఎంత ఖర్చయిందో రాసుకోవాలి. ఇంచుమించు ఒకే అంకె మూడుసార్లు వచ్చేదాకా చేయాలి. ఒక కుర్రాడు అందరికంటే ముందే మూడు రీడింగులు రాసుకొచ్చాడు. మూడూ దశాంశంతో సహా ఒకటే. వెళ్ళి చూస్తే అతని బ్యూరెట్ స్టాండుకు బోర్లించి ఉంది, లోపల చుక్క తడి లేదు. పక్కవాడి పుస్తకంలోంచి ఎక్కించాడు. అడిగితే ఒప్పుకున్నాడు.

అప్పటి మా హెడ్ గారిని అందరం పెద్దసారు అనేవాళ్ళం. తక్కువ మాట్లాడే మనిషి. నన్ను గదికి పిలిచారు.

"ఎలా పట్టుకున్నావమ్మా?"

"మూడు రీడింగులూ అచ్చు ఒకేలా ఉన్నాయండీ. అనుమానం వచ్చింది."

"అది అనుమానం. పట్టుకున్నది దేంతో?"

"బ్యూరెట్ పొడిగా ఉందండీ."

"ఆ రెండోది మర్చిపోకు" అన్నారాయన.

నేను మర్చిపోయాను. ఒక్కరోజులో కాదు, ఏళ్ళ మీద. స్టూడెంట్లలో "మేడమ్ అంకె చూసి దొంగ రీడింగ్ చెప్పేస్తుంది" అని పేరొచ్చింది. ఆ పేరు నాకు ఎంత నచ్చిందో ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేస్తోంది. రానురానూ బ్యూరెట్ దాకా వెళ్ళడం తగ్గించాను. బల్ల దగ్గర కూర్చుని, పుస్తకం చూసి, కళ్ళజోడు పైనుంచి ఒక చూపు చూస్తే చాలు, సగం మంది వాళ్ళంతట వాళ్ళే ఒప్పుకునేవాళ్ళు. ఒప్పుకోని సగంలో ఎంతమంది నిజంగా చేసినవాళ్ళున్నారో నేను ఎప్పుడూ లెక్క చూసుకోలేదు.

సాంబశివరావు ఆలోచన

నేను హెడ్ అయ్యేసరికి డిపార్ట్‌మెంటులో రెండు వర్గాలున్నాయి. గొడవ పెద్ద సిద్ధాంతం మీద కాదు, ఒక ఏసీ గది మీద. కొత్త మిషను అందులో ఎవరి బల్ల మీద పెట్టాలన్నది. ఒకళ్ళు వస్తుంటే ఇంకొకళ్ళు మెట్లు మారేవాళ్ళు.

మా ల్యాబ్ అసిస్టెంటు సాంబశివరావు నాకంటే సీనియర్. ఏ సీసా ఎక్కడుందో, ఎవరికి ఎవరంటే పడదో రెండూ ఆయనకే తెలుసు. ఒకరోజు వచ్చి, "మేడమ్ గారూ, వీళ్ళు కలిసి టీ కూడా తాగట్లేదండీ. ఏదన్నా తిండి పోటీ పెట్టండి. నోట్లో ముద్ద ఉంటే మాట రాదు గదా" అన్నాడు. వాళ్ళమ్మాయి ఫోనులో చూసి కేకులు చేస్తోందట. అందుకని కేకుల పోటీ అన్నాడు.

"మరి జడ్జి ఎవరయ్యా?"

"మీరేనండీ. మీకు వంట రాదని అందరికీ తెలుసు. రానివాళ్ళకి పక్షపాతం ఉండదు."

నిజమే, మా ఇంట్లో వంట మావారిది. నేను పామర్రు దగ్గర వ్యవసాయం ఇంట్లో పుట్టి, గరిటె పట్టకుండా పెరిగి, గరిటె పట్టే మొగుణ్ణి చేసుకున్న అదృష్టవంతురాల్ని. సరేనన్నాను.

రూల్స్ రాయమంటే మావాళ్ళు కెమిస్టుల్లాగే రాశారు. ల్యాబులో తినే వస్తువు పెట్టకూడదు కాబట్టి పోటీ సెమినార్ హాల్లో. గుడ్డు వేసినవి ఒక బల్ల మీద, వేయనివి ఇంకో బల్ల మీద. జవాబు పత్రాల్లాగా పేర్లు తీసేసి నంబర్లు వేయాలి, పేర్లున్న కవరు సాంబశివరావు దగ్గర. ప్రతి కేకుతోనూ ఒక రికార్డు పెట్టాలి: ఏమేం వాడారు, ఎలా చేశారు, ఏం వచ్చింది. బహుమతి, రిబ్బను కట్టిన కొత్త బీకరు.

రికార్డు అంటే ఏమిటో బయటివాళ్ళకు చెప్పాలి. మా దగ్గర ప్రతి స్టూడెంటుకూ రెండు పుస్తకాలుంటాయి. ప్రయోగం చేస్తూ రాసుకునేది రఫ్ బుక్కు. మరకలు, కొట్టివేతలు, పాడైపోయిన ప్రయత్నాలు అన్నీ అందులోనే. తర్వాత ఇంటికెళ్ళి కుదిరినవి మాత్రం శుభ్రంగా ఎక్కించేది రికార్డు. మార్కులు రికార్డుకే. రికార్డులో ఒక్క కొట్టివేత కనిపించినా నేను మళ్ళీ రాయించేదాన్ని.

మొదటి రెండేళ్ళు పోటీ బాగా జరిగింది. సాంబశివరావు తెచ్చిన కేకును కొయ్యడానికి బలం చాలక అందరం నవ్వుకున్నాం. ఏసీ గది గొడవ తీరలేదు గానీ, రెండు వర్గాల వాళ్ళూ ఒకరి కేకు ఇంకొకరు తిని వంక పెట్టుకునేంత దగ్గరయ్యారు.

మూడో ఏడాది

ఆ ఏడాది పది కేకులొచ్చాయి. నేను కత్తితో కోసి, ప్రతి కేకు పక్కనా పెట్టిన చెంచాతో రుచి చూస్తూ వరసగా వెళ్తున్నాను. ఒకటి మధ్యలో కుంగింది. ఒకటి అంచులు మాడి నడుమ పచ్చిగా ఉంది. ఇంట్లో చేసే కేకులు అలాగే ఉంటాయి.

ఏడో నంబరు దగ్గర ఆగాను. చిన్న గుండ్రటి కేకు. పైన బల్లపరుపుగా, చుట్టూ ఒకే రంగు. కోస్తే లోపల కూడా పైనుంచి కిందిదాకా ఒకే తీరు. ఎక్కడా వంక లేదు. ఎదురుగా ఉన్న రికార్డు తెరిచి అంకెల మీద కన్నేశాను. గ్రాములు, నిమిషాలు, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో.

"ఇదెవరిదో గానీ బేకరీలో కొన్నది" అన్నాను, హాలంతా వినపడేట్టు.

వెనక వరసలోంచి హారిక లేచింది. నా దగ్గరే పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి, ఐదో ఏడు. ఊరు మంగళగిరి, వాళ్ళ నాన్న చేనేత మగ్గం మీద చీరలు నేస్తారు. డెల్టా ఊళ్ళలో బోరు నీళ్ళు ఎంత ఉప్పెక్కాయన్నది ఆమె పని. పామర్రు నుంచి సముద్రం దాకా బస్సుల్లో, ఆటోల్లో తిరిగి, సీసాల్లో నీళ్ళు పట్టుకొచ్చి పరీక్ష చేసేది. ఇంకో రెండు నెలల్లో థీసిస్ ఇవ్వాలి.

"నాదేనండీ మేడమ్. నేనే చేశాను."

అప్పుడు ఆగి ఉండాల్సింది. నలుగురి ముందు అనేశాక వెనక్కి తగ్గడం నాకు చేతకాలేదు.

"మీ ఇంట్లో ఓవెన్ ఉందా?"

"లేదండీ. కుక్కర్‌లో చేశాను. అడుగున ఇసుక పోసి, గాస్కెట్ తీసేసి."

"కుక్కర్‌లో ఇంత సమానంగా రాదమ్మా."

"వచ్చిందండీ."

ఆ రెండు ముక్కలు ఎదురు చెప్పినట్టు అనిపించాయి నాకు. నవ్వుతూనే అన్నాను, నవ్వుతూ అనడమే అందులో చెడ్డ సంగతి: "అచ్చం నీ రీడింగుల్లాగే ఉంది. ఎక్కడా ఒక్క వంక లేదు."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు ఇంకో ఇద్దరికి అంటుకుంది. హారిక కూర్చుంది. నేను ఏడో నంబరును పక్కకు జరిపి ఎనిమిదో దాని దగ్గరికి వెళ్ళాను. ఆ ఏడు బీకరు ఒక బెల్లం కేకుకు ఇచ్చాను.

నిప్పు, పొగ

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. గైడ్ నోరు జారితే పడేది గైడ్ కాదు. మంగళవారానికల్లా క్యాంటీన్‌లో మాట మారిపోయింది: హారిక డేటా మీద వాళ్ళ మేడమ్‌కే నమ్మకం లేదట. గురువారం రీసెర్చ్ కమిటీలో ఉన్న మా సహోద్యోగి ఒకాయన నా గదికి వచ్చి, తలుపు దగ్గరగా వేసి కూర్చున్నాడు.

"ఆ అమ్మాయి థీసిస్ ఒకసారి ఆపి చూద్దామా మేడమ్? రేపు బయటి ఎగ్జామినర్ అడిగితే మనకే మాట."

"ఎందుకండీ ఆపడం? ఏం జరిగిందని?"

"మీరే అన్నారుగా. నిప్పు లేనిదే పొగ రాదు గదండీ."

నిప్పు లేదు. పొగ నేనే పెట్టాను. ఆ ముక్క ఆయనతో అప్పుడే చెప్పి పంపించి ఉంటే బాగుండేది. కానీ, నిజం రాస్తానని మొదలుపెట్టాను కాబట్టి రాస్తున్నాను, ఆయన వెళ్ళాక నేను హారిక రికార్డు తీసి అంకెలు చూశాను. ప్రతి ఊరి నీళ్ళకూ మూడు రీడింగులు, మూడూ దగ్గర దగ్గరగా. ఐదేళ్ళు నా కళ్ళ ముందు పనిచేసిన పిల్లను, నా నోటి నుంచి వచ్చిన మాట పట్టుకుని నేనే అనుమానించాను. నా ఉద్యోగ జీవితంలో నాకు అన్నిటికంటే అసహ్యం వేసే సాయంత్రం అదే.

హారిక ఆ వారం ల్యాబుకు రాలేదు. సాంబశివరావు ఒక్క మాట అన్నాడు. "మేడమ్ గారూ, ఆ పిల్ల బ్యూరెట్లు కడిగేది నేనేనండీ. రోజుకి ఎన్నిసార్లు వాడిందో నాకు తెలుసు. మీరు నన్ను అడగొచ్చుగా?"

నేను ఫోను చేసి రఫ్ బుక్కులు తీసుకురమ్మన్నాను.

గిన్నె సిద్ధం చేయాలి

శుక్రవారం పొద్దున వచ్చింది. చేతిసంచిలో ఆరు రఫ్ బుక్కులు. వాటి మీద ఏడోది, చిన్న నోట్‌బుక్, అట్ట మీద నూనె మరక. కూర్చోమంటే కూర్చోలేదు.

మొదట నీళ్ళవి చూశాను. ఒక్కో ఊరి నీళ్ళకూ ఐదు, ఆరు, ఒకచోట తొమ్మిది ప్రయత్నాలున్నాయి. "రంగు దాటిపోయింది, మళ్ళీ." "కరెంటు పోయింది, రంగు సరిగా కనపడలేదు, లెక్కలోకి తీసుకోను." "సీసా మూత వదులు, నీళ్ళు మళ్ళీ తేవాలి." దాని కింద బస్సు టిక్కెట్టు అంటించి ఉంది. కుదిరిన మూడు మాత్రం రికార్డులోకి ఎక్కించింది. నేనే అలా ఎక్కించమన్నాను. నీట్‌గా లేకపోతే నా తిట్లు, ఉంటే నా అనుమానం. అడకత్తెరలో పోకచెక్కను చేశాను ఆ పిల్లని.

తర్వాత నూనె మరక పుస్తకం. తొమ్మిది ఆదివారాలు, తొమ్మిది కేకులు. మొదటిది అడుగు మాడింది. రెండోది నడుమ పచ్చి. మూడోది పొంగి పగిలింది. "అంచులు ముందు గట్టిపడుతున్నాయి, మధ్య ఆలస్యం. అంచుకు వేడి తగ్గించాలి." ఎనిమిదో ఆదివారం దగ్గర చిన్న బొమ్మ. గిన్నె చుట్టూ తడి నూలుగుడ్డ పీలిక చుట్టి, పిన్నీసు పెట్టింది. "నాన్న దగ్గర మిగిలిన గుడ్డ. పైన చదునుగా వచ్చింది. ఇంకోసారి చేసి చూడాలి." తొమ్మిదో ఆదివారం: "మళ్ళీ వచ్చింది."

పోటీ రికార్డు తీసి చూశాను. రెండో లైనులో ఉంది: గిన్నె సిద్ధం చేయాలి. ఆ మూడు ముక్కల్లో అన్ని ఆదివారాలున్నాయి. రికార్డులో అనవసరమైనవి రాయకూడదని ఆ అమ్మాయికి నేర్పింది నేనే.

"ఆ రోజు ఈ పుస్తకం ఎందుకు చూపించలేదమ్మా?" అన్నాను. అడగకూడని ప్రశ్న. తప్పు ఆమె మీదికి నెట్టే ప్రశ్న.

హారిక నూనె మరక పుస్తకం మూసింది. తర్వాత అంది. "మా నాన్న చీర తీసుకెళ్తే ఒక షాపాయన ఇది పవర్‌లూమ్‌ది అన్నాడండీ ఒకసారి. చేత్తో నేసిందైతే అంచున సన్నటి రంధ్రాలుంటాయి, మగ్గం మీద బట్ట సాగదీసి పట్టే పుల్ల గుచ్చుకుని. అవి చూపిస్తే సరిపోయేది. మా నాన్న చూపించలేదు. చీర మడిచి తెచ్చేసుకున్నారు. ఎందుకు నాన్నా అంటే, 'ఇరవై ఏళ్ళ నుంచి నా దగ్గర కొంటున్నాడమ్మా, అతనికి నేను చూపించాలా' అన్నారు."

పుస్తకాలు ఏడూ సోమవారం దాకా నా దగ్గర ఉంచి వెళ్ళమన్నాను.

అన్న చోటే

కొత్తగా చేరేవాళ్ళకు ఇక్కడ ఒక్క విషయం గట్టిగా చెప్తాను. నలుగురిలో అన్న మాటను గదిలో పిలిచి వెనక్కి తీసుకోవడం మోసం. మన పరువు మనం కాపాడుకుంటూ ఎదుటివాళ్ళ పరువు గాలికి వదిలేయడం అది. మా వృత్తిలో చాలామంది పెద్దవాళ్ళు అలాగే చేస్తారు, టీ తెప్పించి మరీ చేస్తారు.

సోమవారం అదే సెమినార్ హాల్లో అందరినీ కూర్చోబెట్టాను. రఫ్ బుక్కులు ఏడూ బల్ల మీద పెట్టాను, ఎవరికి కావాలంటే వాళ్ళు తిరగేయొచ్చని. "కేకు విషయంలో నేను ఆధారం లేకుండా మాట్లాడాను. రీడింగుల గురించి అన్నది అంతకంటే పెద్ద తప్పు. హారిక చేసిన పని నిఖార్సయినది. నన్ను క్షమించమని మీ అందరి ముందూ అడుగుతున్నాను" అన్నాను. కమిటీ ఆయనకు అదే మాట కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాను. థీసిస్ ఆపే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. రికార్డుతో పాటు రఫ్ బుక్కుకు కూడా మార్కులు అప్పటినుంచే మొదలుపెట్టాం, దాని మీద స్టాఫ్ మీటింగులో పెద్ద గొడవే అయింది, అది వేరే సంగతి.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. క్షమించమని అడిగాను, అడగాల్సిన చోట అడిగాను, ఇంకేం మిగిలిందని.

బుధవారం హారిక ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. గైడ్‌ను మార్చమని దరఖాస్తు. ఇప్పుడున్న గైడ్ ఒప్పుకుంటేనే అది ముందుకు వెళ్తుంది. కింద నా సంతకం కోసం ఖాళీ వదిలి ఉంది.

"ఇంకా కోపంగా ఉందామ్మా?"

"లేదండీ. నిజంగా లేదు. మీరు అందరి ముందూ అన్నారు, అది చాలు నాకు."

"మరి రెండు నెలల్లో అయిపోయే దానికి ఇప్పుడు ఇదెందుకు? కొత్త గైడ్ అంతా మొదటి నుంచీ చదవాలి. కనీసం ఆరు నెలలు ఆలస్యమవుతుంది నీకు."

"తెలుసండీ. నిన్న ల్యాబులో కూర్చున్నాను మేడమ్. మూడు రీడింగులూ ఒకటే వచ్చాయి. మీరు నమ్మరేమోనని నాలుగోది చేశాను. అది కూడా అదే వచ్చింది. అప్పుడు, కొంచెం తేడాగా వస్తే బాగుండేదని అనిపించిందండీ." దరఖాస్తును నా వైపు ఇంకొంచెం జరిపింది. "అలా అనిపించాక ఇక మీ దగ్గర చేయకూడదు."

ముప్పై ఏళ్ళలో నా దగ్గరికొచ్చిన స్టూడెంట్లలో ఎవరూ ఇంత శుభ్రంగా ఆలోచించలేదు. ఆ పిల్ల నా దగ్గరే పూర్తి చేయాలని నాకెంత కోరికగా ఉందో ఆ నిమిషంలోనే తెలిసింది. బతిమాలితే ఉండేదేమో. బతిమాలలేదు. సంతకం పెట్టాను.

ఆరు నెలలు కాదు, తొమ్మిది పట్టింది. మంచి థీసిస్ అయింది. అందులో గైడ్ పేరు వేరే ఆయనది. అది న్యాయమే, అయినా ఆ అట్ట చూసినప్పుడు నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి.

ఆ బుధవారం కాగితం తీసుకుని తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"ఒక్క మాట అడగనా మేడమ్? ఆ రోజు కేకు రుచి ఎలా ఉందండీ?"

అబద్ధం చెప్పడం తేలిక. బాగుందమ్మా అంటే ఇద్దరికీ హాయి.

"నేను తినలేదమ్మా" అన్నాను. "కోసి చూసి పక్కన పెట్టాను."

హారిక తల ఊపింది. "అనుకున్నానండీ. చెంచా శుభ్రంగా ఉంది" అని కాగితం సంచిలో పెట్టుకుని ఆఫీసు వైపు వెళ్ళింది.